చెరువులో కలిపిన పద్నాలుగేళ్లు

మీకు మొదటి అక్షరం దిద్దించిన మనిషి ఇవాళ ఎవరి ఇంట్లో, ఎవరి దయ మీద బతుకుతోందో మీకు తెలుసా?

తెలియదంటే తప్పు పట్టను. ఏడేళ్ల పాటు నేనూ తెలిసీ తెలియనట్టే ఉన్నాను. ఆమె ఉండేది బెంగాల్లో, ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, మా ఇంటికి మూడు సందుల అవతల. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్తుంటే వరండాలో చాప పరుచుకుని పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ కనిపించేది. "బావున్నారా టీచరమ్మా?" అనేదాన్ని. "బాగానే ఉన్నాను తల్లీ, నువ్వెలగున్నావు?" అనేది. ఆ ఒక్క మాటతో నా బాధ్యత తీరిపోయినట్టు పాలు పట్టుకుని ఇంటికి వచ్చేసేదాన్ని.

ఆమె, నేను ఒకే బడిలో పనిచేశాం. నేను నిరుడు రిటైరయ్యాను. రెండు నెలల్లో నాకు పింఛను మొదలైంది. నాకంటే ఏడేళ్ల ముందు రిటైరైన ఆమెకు ఇప్పటికీ రాలేదు. రాదని కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. నేను ఆ బడిలో అడుగు పెట్టేనాటికే ఆమె పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతోంది. ఈ లెక్క ఎలా తిరగబడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో నా తప్పూ ఉంది కాబట్టి దాన్నీ రాస్తాను.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో సుత్తి పట్టాడు. నాన్న అదే షాపులో ఫిట్టరు. ఆదివారాలు మా క్వార్టరు వరండాలో చర్చలు జరిగేవి. దేవుడున్నాడా, కులం ఎవడు పెట్టాడు, మొగుడు పోయినదాని తలలో పూలుంటే ఎవడి సొమ్ము పోయింది — ఇలాంటి వాటి మీద గోళ్ల సందుల్లో నల్ల గ్రీజు ఇంకా వదలని మనుషులు గొంతులు చించుకునేవారు. ఎవరెంత గట్టిగా అరిచినా నాన్న అడిగేది ఒకటే: "అరుపు కాదురా, ఆధారం ఏటి?" ఆ ప్రశ్న వింటూ పెరిగాను. ఆ ప్రశ్న అడగాల్సిన రోజున మాత్రం అడగలేదు. ఆ రోజు సంగతి తర్వాత చెబుతాను.

ముందు బడి సంగతి. ఈ ఊళ్లో తెలుగు పిల్లలకు తెలుగులో చెప్పే చిన్న బడి ఒకటి కావాలని వర్క్‌షాపు వాళ్లు అనుకున్నారు. ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టారు. జవాబు వచ్చేదాకా పిల్లలు ఆగరు కదా, రెండు రేకుల గదులు వేసి బడి తెరిచేశారు. అప్పుడు చేరిన మొదటి టీచరు ఆమె. మేమంతా పెద్ద టీచరమ్మ అనేవాళ్లం. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి క్వార్టరులోనే ఉంది.

ఆమె జీతం తువ్వాలు మీద వచ్చేది. జీతాల రోజున సాయంత్రం షాపు సైరన్ కూశాక, గేటు బయట కమిటీ వాళ్లు ఒక ఎర్ర తువ్వాలు పరిచి నిలబడేవారు. బయటికి వచ్చే ప్రతి తెలుగు కార్మికుడూ తోచింది అందులో వేసేవాడు. పిల్లలున్నవాడు, లేనివాడు, పెళ్లే కానివాడు, అందరూ. ఒక బెంగాలీ వెల్డరు కూడా ప్రతి నెలా వేసేవాడని చెప్పుకునేవారు. తువ్వాలు నాలుగు కొసలూ ముడేసి ఆ మూట అలాగే తెచ్చి ఆమె చేతిలో పెట్టేవారు. ఎంత వచ్చిందని ఆమె ఏనాడూ అడగలేదు. తువ్వాలు మడిచి తిరిగి ఇచ్చేసేది, వచ్చే నెలకు కావాలి కాబట్టి.

అలా పద్నాలుగేళ్లు. పాఠాలు చెప్పింది, హాజరు పట్టీ రాసింది, ప్రోగ్రెస్ కార్డుల మీద వంగపూవు రంగు సిరాతో తెలుగులో సంతకం పెట్టింది. ఎండాకాలం రేకుల గది కాగిపోతుంటే పిల్లల్ని వేపచెట్టు నీడలోకి తీసుకెళ్లింది. పన్నెండో ఏడు ముగిశాక నేను చేరాను. నాకూ అదే తువ్వాలు. సగం ఆమెకు, సగం నాకు, ఇంకో టీచరు వస్తే మూడో వంతు ఆమెకు.

పద్నాలుగో ఏడు గట్టిగా తన్నింది. ఆ ఏడాదే మా షాపులో జీతాలు చేతికివ్వడం ఆపేసి బ్యాంకులో వేయడం మొదలుపెట్టారు. జీతాల రోజు అనేదే లేకుండా పోయింది. తువ్వాలు పరిస్తే గేటులోంచి ఖాళీ టిఫిన్ క్యారియర్లతో మనుషులు వచ్చేవారు, "డబ్బు బ్యాంకులో ఉందమ్మా, రేపు తీసి ఇస్తాను" అనేవారు. ఆ రేపు నిజంగానే కొందరికి వచ్చేది, చాలామందికి వచ్చేది కాదు. ఎవరిదీ చెడ్డబుద్ధి కాదు. చేతిలో నోటు ఉన్నప్పుడు విప్పిన చెయ్యి బ్యాంకు లైనులో నిలబడి వచ్చాక విప్పదు, అంతే. కమిటీ వాళ్లు తలలు దించుకుని వచ్చి చెప్పారు, బడి మూసేద్దామని.

"నేనేటి, తువ్వాలుకి పాఠం సెప్తన్నానా?" అంది పెద్ద టీచరమ్మ. "పిల్లలకి సెప్తన్నాను. పిల్లలొచ్చినంత కాలం తలుపు తీసే ఉంటాది."

ఆ ఏడు ఆమె రెండో తరగతిలో ఏడుగురే పిల్లలు. ఆ ఏడుగుర్నీ గుర్తు పెట్టుకోండి. ఈ కథంతా చివరికి వాళ్ల దగ్గరికే వస్తుంది.

ఆ ఏడాది గడిచాక, మాఘమాసంలో, ప్రభుత్వ అనుమతి వచ్చింది. తనిఖీకి వచ్చినవాళ్లు మా పాత హాజరు పట్టీలు తిరగేసి చూసి, మెచ్చుకుని, తిరిగి మా చేతికే ఇచ్చేసి వెళ్లారు. ఇక నుంచి ప్రభుత్వ రిజిస్టరు, ప్రభుత్వ జీతం. ఎల్లుండే సరస్వతి పూజ. ఊరంతా, ఈ బెంగాల్ అంతా, పిల్లలు తమ పుస్తకాలూ కలాలూ తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పెట్టే రోజు. మా బడిలోనూ బొమ్మ నిలబెట్టాం. మా వాళ్లకు ఈ పూజ ఇక్కడికి వచ్చాకే అలవాటైంది. సగం చూసి నేర్చుకున్న అలవాటు.

కమిటీ పెద్దాయన, వ్యాగన్ షాపులో చార్జ్‌మన్, పద్నాలుగు పాత హాజరు రిజిస్టర్లనూ పసుపు గుడ్డలో కట్టి పాదాల దగ్గర పెట్టించాడు. మర్నాడు బొమ్మను చెరువులో కలిపేటప్పుడు ఆ మూట కూడా ఎత్తుకోమన్నాడు. "కష్టం రోజులు అయిపోనాయి. ఇయ్యి కాగితాలోడికి అమ్మితే పల్లీలు పొట్లం కడతాడు. అక్షరం కదా, కాలు తగలకూడదు. అమ్మతోనే పంపించీడం మర్యాద." అందరూ చప్పట్లు కొట్టారు. మనవాళ్ల ఇళ్లలో పుస్తకం కింద పడితే కళ్లకద్దుకుంటాం. ఆ భక్తీ ఈ ఊరి నిమజ్జనమూ కలిసి మా బుర్రల్లో ఒక కొత్త ఆచారం పుట్టింది. అది తెలుగువాళ్లదీ కాదు, బెంగాలీలదీ కాదు.

చెరువు గట్టు మీద పక్క వీధి బెంగాలీ ఆవిడ ఒకావిడ మమ్మల్ని చూసి నిర్ఘాంతపోయింది. "ఏ కీ దీదీ! పుస్తకాలు మళ్లీ ఇంటికి తీసుకెళ్లాలి! నీళ్లలో వేసేది అమ్మవారిని మాత్రమే!"

మా వాళ్లు నవ్వేశారు. "మాకు తెల్సులే దీదీ," అన్నాడు పెద్దాయన. "మేం పాత బాకీలన్నీ అమ్మకే అప్పగించేస్తన్నాం."

ఇక నా తప్పు. పసుపు గుడ్డ మూటలో సగం నేనే మోశాను. దేవుడు లేడని నాన్న వరండాలో పదేళ్ల వయసు నుంచి వాదించినదాన్ని, డప్పుల మోతలో నడుస్తూ, జనంతో పాటు అరుస్తూ, ఆ పద్నాలుగేళ్ల కాగితాన్ని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి వదిలేశాను. మునిగేటప్పుడు బుడగలు వచ్చాయి. పెద్ద టీచరమ్మ గట్టు మీద నిలబడి చూసింది. ఆమె మొహంలో సంతోషమే కనిపించింది. "ఆధారం ఏటి?" అని ఆ రోజు ఎవరూ అడగలేదు. అడగాల్సినదాన్ని నేనే. పండగ రోజున పేచీ ఎందుకని ఊరుకున్నాను. హేతువాదికి పండగ రోజు సెలవు ఉండకూడదని ఆ చెరువు నాకు నేర్పింది.

తర్వాత ఆమె తొమ్మిదేళ్ల నాలుగు నెలలు ప్రభుత్వ జీతం తీసుకుని అరవై ఏళ్లకు రిటైరైంది. పింఛను కాగితాలు పెడితే జవాబు వచ్చింది: సర్వీసు అనుమతి తేదీ నుంచే లెక్క, పదేళ్లు నిండలేదు, కనుక పింఛను లేదు. ఎనిమిది నెలలు తక్కువ. వెనక పద్నాలుగేళ్లు ఉన్నాయి. అవి లెక్కలో లేవు.

ఆంధ్రలో ఉన్న మీకు ఒక మాట. మీ టీచర్లు పాత పింఛను కోసం రోడ్డెక్కుతూ మమ్మల్ని చూసి ఈర్ష్య పడతారు, బెంగాల్లో ఇంకా పాత పింఛనే ఉందని. నిజమే, ఉంది. జీతంలో కోసి మార్కెట్లో పెట్టి, రేపు ఎంతొస్తుందో దైవాధీనం అనే బాధ మాకు లేదు. అయినా చట్టం ఎంత మంచిదైనా దాని గుమ్మంలో ఒక్క వాక్యం అడ్డంగా నిలబడితే లోపలి అన్నం బయటివాళ్లకు అందదు. "అనుమతి పొందిన సర్వీసు" అనేది మా గుమ్మంలో నిలబడ్డ వాక్యం. మీ గుమ్మంలో ఇంకోటి ఉంటుంది. చదివి చూసుకోండి.

పింఛన్లు ఖజానాకు భారం అని పత్రికల్లో చదువుతుంటాను. రాసేవాళ్లను ఒకటి అడగాలని ఉంది. పిల్లలకు చదువు చెప్పించాల్సింది ఎవరు? ప్రభుత్వం. పద్నాలుగేళ్లు ఆ పని ప్రభుత్వం తరఫున చేసిందెవరు? ఆమె. ఆమెకు తిండి పెట్టిందెవరు? గేటు బయట తువ్వాలు. అంటే కొలిమి దగ్గర కాలిపోయే మనుషులు పద్నాలుగేళ్లు ఒక టీచరును రాష్ట్రానికి అప్పిచ్చారు. ఎవరు ఎవరికి భారం?

మా వాళ్లు మాత్రం ఇంకో దారి చూపించారు. అమ్మవారి జాతరలో కుండ ఎత్తమని ఒకరు, మంగళవారాలు ఉపవాసం ఉండమని ఒకరు. చర్చికి వెళ్లే పక్కింటావిడ ప్రార్థన చేయిస్తానంది. "నుదుటి రాత టీచరమ్మా, ఏటి సేస్తాం" అన్నవాళ్లయితే లెక్కలేదు. ఇందులో నుదుటి రాత ఎక్కడుంది? ఆ నియమం ఒక గదిలో కూర్చుని మనుషులు రాశారు. కింద సంతకం ఉంది, ముద్ర ఉంది. సంతకం పెట్టిన చెయ్యి మళ్లీ కలం పట్టుకుని ఆ వాక్యాన్ని కొట్టేయగలదు. నుదుటి మీద వేసేస్తే ఎవరూ కొట్టేయక్కర్లేదు, అందరికీ హాయి.

ఆమె ఏడేళ్లు ట్యూషన్లు చెప్పుకుంది. నేను పాలు తెచ్చుకున్నాను.

నిరుడు నా మొదటి పింఛను పడిన రోజున స్వీట్లు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. మూర్ఖురాలిని, స్వీట్లు పట్టుకుని వెళ్లాను. ఆమె ఒకటి తీసుకుని తిని, నీళ్లు తాగి, మామూలుగానే చెప్పింది.

"తమ్ముడిది ఇంక ఏడాదే సర్వీసు. క్వార్టరు వదిలీయాలి. ఆళ్లు శ్రీకాకుళం ఎల్లిపోతారు. నన్నూ రమ్మంతన్నాడు."

"వెళ్తారా?"

"ఎల్లకేటి సేస్తాను? అక్కడ నాకెవుల్తెలుసు? ఈ ఊళ్లో రోడ్డు మీదకెళ్తే నలుగురు దండం పెడతారు. అక్కడ తమ్ముడు తెచ్చుకున్న ముసల్దాన్ని." గ్లాసు పక్కన పెట్టి అంది, "మరదలు మంచిదే. అన్నం పెడతాది. పెడితే తినడానికి నాకేటీ కష్టం లేదు. సబ్బుబిళ్ల అయిపోయిందని అడగాలి సూడు, అదీ కష్టం."

ఇదే ఊళ్లో, ఝపటాపూర్‌లో ఒక గది, నెలకు అద్దె కట్టుకుని, తన చాప తను పరుచుకుని, తన సబ్బు తను కొనుక్కుని. ఆమెకు కావాల్సింది అంతే. దానికి పింఛను కావాలి. తమ్ముడి రిటైర్మెంటుకు ముందే కావాలి.

పాత విద్యార్థులు కొందరు నెలనెలా తలా కొంత వేసి ఇస్తామన్నారు. వాళ్లను గుమ్మంలోనే నిలబెట్టింది. "అప్పుడు తువ్వాలు మీద తీసుకున్నాను. పాఠం సెప్పినాను కాబట్టి అది జీతం. ఇప్పుడు మీకు నేనేటి సెప్తన్నాను? ఇప్పుడిచ్చేది దానం. పొండి, ఎల్లి మీ పిల్లల్ని సదివించండి." కుర్రాళ్లు బిక్కమొహాలు వేసుకుని వెళ్లిపోయారు. నాకు ఆమె పాదాలు తాకాలనిపించింది. తాకలేదు, మాకిద్దరికీ అది నచ్చదు.

ఇద్దరం లోకల్ రైలెక్కి, కంసాయి నది వంతెన దాటి, జిల్లా ఆఫీసుకు వెళ్లాం. ఫైళ్లు చూసే గుమాస్తా చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడాడు. ఆయన చెప్పింది ఇది:

"దీదీ, నాకు అర్థమవుతోంది. అయినా రూల్ రూలే. కాకపోతే ప్రత్యేకంగా చూడమని పైకి రాయొచ్చు. అనుమతికి ముందు పనిచేసినట్టు కాగజ్ ఉందా?"

"ఉంది దాదా," అంది పెద్ద టీచరమ్మ. "సెరువులో ఉంది."

ఆయనకు విషయమంతా నేను బెంగాలీలో చెప్పాను. నవ్వాలో ఏడవాలో తెలియక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను సాక్షిని, ఆఖరి రెండేళ్లు పక్క గదిలోనే పాఠం చెప్పాను, ప్రమాణ పత్రం రాసిస్తానన్నాను.

"మీరు రాసిచ్చేది ఇవాళ్టి కాగితం అవుతుంది దీదీ. నాకు ఆనాటి కాగితం కావాలి. ఆమె చేతి రాత, ఏ ఏడాదికి ఆ ఏడాది. అనుమతి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవాలి. మధ్యలో ఒక్క ఏడాది తెగితే దాని వెనకదంతా తెగినట్టే."

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. నాకు ఒళ్లు మండిపోతోంది. వింతేమిటంటే, ఆ గుమాస్తా అడిగింది మా నాన్న అడిగే ప్రశ్నే. దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. పెద్ద టీచరమ్మ చేతి సంచిలోంచి వేరుశనగ పొట్లం తీసింది. ఒక గింజ వలిచి, పొట్లం కాగితం తిప్పి చూసింది. ఎవరో పిల్లాడి లెక్కల నోటు పుస్తకంలో పేజీ అది. మూలన ఎర్ర సిరాతో టిక్కు కూడా ఉంది.

"సూసినావా," అంది. "కాగితాలోడికి అమ్మినా దొరుకును గావాల."

నవ్వు ఆగలేదు మాకు. మెట్లు ఎక్కేవాళ్లు ఆగి చూశారు. నవ్వుతూండగానే నాకు తట్టింది. హాజరు పట్టీలు బడిలో ఉండేవి, మునిగిపోయాయి. ప్రోగ్రెస్ కార్డులు బడిలో ఉండేవి కావు. అవి ఇళ్లకు వెళ్లాయి. మనవాళ్ల ఇళ్లలో, పుస్తకం కింద పడితే కళ్లకద్దుకునే ఆ ఇళ్లలోనే, ట్రంకు పెట్టెల అడుగున, పట్టు చీరల కింద ఉండి ఉంటాయి. చెరువులో ముంచిన భక్తే కొన్నిటిని దాచి ఉంచుతుంది.

ఆ తర్వాతి ఆదివారం, ఆమె ఇంటి ఎదురుగానే, ఓల్డ్ సెటిల్‌మెంట్ సందు మొగలో ఎర్ర తువ్వాలు పరిచాం. పాతది చిరిగిపోయింది, కొత్తది నేను కొన్నాను. వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టాం: డబ్బు వద్దు, టీచరమ్మ సంతకం ఉన్న కార్డు కావాలి. పొద్దున్న పదింటికి ఎవరూ రాలేదు. పెద్ద టీచరమ్మ ఇంట్లోంచి బయటికి రానంది, అడుక్కున్నట్టుంటుందని. పదిన్నరకు సైకిలు మీద ఒకడు వచ్చాడు, షాపులో వెల్డరు, మొదటి ఏడు మొదటి తరగతి.

"కార్డు తెచ్చినాను మేడమ్. కానీ లెక్కల్లో సున్నా వచ్చింది. జెరాక్స్ తీసి ఇచ్చీండి, మా ఆవిడ సూస్తే పరువు పోద్ది."

"అసలే కావాలిరా, జెరాక్స్ కాదు."

"అంటే నా సున్నా గౌర్మెంటు ఫైల్లోకి ఎల్లిపోద్దా?"

"వెళ్తుంది. నీ సున్నాతోనే ఆమెకు ఒక ఏడాది వస్తుంది."

వాడు కార్డు తువ్వాలు మీద పెట్టాడు. ఆ తర్వాత జనం ఆగలేదు. సాలువా పోలీసు క్యాంపులో పనిచేసే అమ్మాయి యూనిఫారంలోనే వచ్చి మూడు కార్డులు పెట్టింది, తనవి, అన్నవి. ఒక తల్లి కార్డు మీద ముద్ర చూపించి, "ఇది మా మావగారి వేలిముద్ర. సంతకం రాదాయనకి, తువ్వాల్లో మాత్రం పెతి నెలా ఏసీవోడు" అంది. ఆ మాట విని కిటికీ వెనక నిలబడ్డ పెద్ద టీచరమ్మ బయటికి వచ్చింది. ఒక్కో కార్డూ చేతిలోకి తీసుకుని, "ఈడికి డొక్క నొప్పి నెపం ఎక్కువ", "ఇది తెగ మాటలాడీది" అంటూ చదివింది. సాయంత్రానికి ఏళ్ల వారీగా పేర్చాం. మొదటి ఏడు నుంచి పదమూడో ఏడు దాకా అన్నీ ఉన్నాయి. ప్రతి కార్డు మీదా వంగపూవు సిరా సంతకం.

పద్నాలుగో ఏడు లేదు.

జీతాలు బ్యాంకుకు మారిన ఏడు. తువ్వాలు ఖాళీగా ఉన్నా ఆమె తలుపు తీసి కూర్చున్న ఏడు. అనుమతికి సరిగ్గా ముందటి ఏడు. గుమాస్తా మాట గుర్తుందా? వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవాలి. మొదటి మెట్టే లేకపోతే మిగతా పదమూడూ గాలిలో ఉన్నట్టే.

ఏ తరగతి కార్డు మీద ఆ తరగతి టీచరే సంతకం పెట్టేది. ఆ ఏడు ఆమె తరగతిలో ఏడుగురు. ఇద్దరు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఒకడి కార్డు చెదలు తినేసింది. ఇంకొకడిది వాన కాలంలో ట్రంకులోకి నీళ్లొచ్చి ముద్దైంది, వాడు ఆ ముద్దనే తెచ్చి తువ్వాలు మీద పెట్టి తల దించుకున్నాడు. మిగతా ఐదుగురూ తాతల క్వార్టర్లలో ఉండి చదువుకున్నవాళ్లు. తాతలు రిటైరవగానే కుటుంబాలతో శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్లిపోయారు. ఫోన్ నంబర్లు లేవు. ఏ ఊళ్లు అని అడిగితే ఇక్కడివాళ్లు "అటేపే ఎక్కడో" అంటారు.

పదమూడు కార్డులతో మళ్లీ వెళ్లాం. గుమాస్తా ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. సున్నా దగ్గర ఆగి నవ్వాడు. "బాగుంది దీదీ, చాలా బాగుంది. ఆ ఒక్కటీ తెండి. తెస్తే నేనే కవరింగ్ లెటర్ రాసి పంపుతాను. పైన ఏమంటారో మాత్రం చెప్పలేను." పైన ఏమంటారో మేమే చూసుకుంటామన్నాను. శాసనసభలో ఈ నియమం మార్చమని అడగడానికి అర్జీ రాశాం. ఓల్డ్ సెటిల్‌మెంట్ సంతకాలు పెట్టింది, వేలిముద్రలూ పెట్టింది. ఆమె ఒక్కతే కాదు, అనుమతి రాకముందు బళ్లు నడిపినవాళ్లు తెలుగువాళ్లలోనూ ఉన్నారు, ఒడియావాళ్లలోనూ, సంతాలీ పల్లెల్లోనూ ఉన్నారు. కార్డు దొరికితే ఆమె ఫైలు కదులుతుంది. వాక్యం మారితే వాళ్లందరివీ కదులుతాయి. రెండూ కావాలి నాకు.

తమ్ముడి రిటైర్మెంటుకు ఇంక నాలుగు నెలలుంది. నిన్న ఆయన సామాను కట్టడానికి గోనెసంచులు తెచ్చాడు. పెద్ద టీచరమ్మ తన చాప, పలక, ఎక్కాల పుస్తకం పక్కన పెట్టి, "ఇయ్యి కట్టకండి, ఇయ్యి ఝపటాపూర్ ఎల్తాయి" అంది. మరదలు నవ్వి ఊరుకుంది. టీచరమ్మ నవ్వలేదు.

కాబట్టి ఇప్పుడు మీ వంతు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పేజీ పట్టుకున్నవాళ్లూ, మీ ఊళ్లో ఖరగ్‌పూర్ నుంచి రిటైరై వచ్చిన రైల్వే కుటుంబం ఏదైనా ఉందా? ఉంటే ఈ పూటే ఆ ఇంటికి వెళ్లండి. ఇరవై అయిదేళ్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న మనవడో మనవరాలో ఉంటే అడగండి, రెండో తరగతి ఎక్కడ చదివావని. ట్రంకు పెట్టె తెరిపించండి, చీరలు తీయించండి, అడుగున పరిచిన పాత పేపరు కూడా ఎత్తి చూడండి. పసుపు రంగు దళసరి అట్ట, కింద తెలుగులో వంగపూవు సిరా సంతకం. దొరికితే పూజ గదిలో పెట్టకండి, కళ్లకద్దుకోకండి. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు పట్టుకు రండి. సందు మొగలో ఎవరినడిగినా పెద్ద టీచరమ్మ ఇల్లు చూపిస్తారు. దొరక్కపోతే, మీ ఊరి బడిలో మీకు అక్షరం దిద్దించిన మనిషి దగ్గరికి వెళ్లి ఆమె పింఛను కాగితం అడిగి చదవండి, అందులో అడ్డంగా నిలబడ్డ వాక్యం ఏదో కనిపెట్టండి, ఓటు అడగడానికి మీ గుమ్మంలోకి వచ్చినవాడి ముందు ఆ వాక్యం చదివి ఎప్పుడు కొట్టేస్తావని నిలదీయండి.

లేవండి. ముందు ట్రంకు తెరవండి.